రెండు కొండల నడుమ సూర్యుడు

(గ్రంథాలయ మందిరమున ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును గూడిన సభలో మేము చేసిన ప్రసంగము. వినినవారి కోరికపై ఇచ్చట ప్రకటించుచున్నాము.)



ఈ సాయంకాలము మమ్ము పిలిపించి, పసిపిల్లలకు చిత్రలేఖనము నేర్పుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కోరితిరి. మేము చిత్రకారులము కాము. కుంచె పట్టి యెరుగము. కలము పట్టి కాలము గడుపువారము. ఐనను ఈ విషయమును కేవలము చిత్రకారులకే విడిచిపెట్టుట క్షేమము కాదని తలంచి వచ్చితిమి. వంట యెట్లు చేయవలయునో చెప్పుటకు వంటవాడు కావలయును గాని, ఆకలి యెట్లుండునో చెప్పుటకు ప్రతిమానవుడును అధికారియే. మేమిప్పుడు చెప్పబోవునది ఒక ఆకలిని గూర్చి. తాను చూచినదానిని, చూచి లోపల పొందినదానిని, ఇతరులకు చూపవలెనని పసివారికి గల ఆకలి అది.

ముందుగా మేము కన్న యొక సంగతి మనవి చేయుదుము.

కృష్ణ కాలువల నీటితో పండెడి యొక పల్లె. ఏ దిక్కు చూచినను ఆకాశము నేలను తాకువరకు వరిచేలే. ఆ యూరి పిల్లలలో పలువురు కొండను కన్నులార చూచి యెరుగరు. అచ్చటి ప్రాథమిక పాఠశాలకు మేము పోయిననాడు మూడవ తరగతివారికి చిత్రలేఖనపు గంట. ప్రకృతి దృశ్యము నొకదానిని వ్రాయుడని ఉపాధ్యాయుడు ఆజ్ఞాపించెను. అరగంటకు బొమ్మలన్నియు మా ముందు పరచిరి. ప్రతి కాగితము మీదను రెండు కొండలు; రెండింటి నడుమ కిరణములతో సూర్యుడు; కొండల నుండి మెలికలు తిరిగి దిగెడి యేరు; ఏటి ఒడ్డున ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు; ఆకాశమున, మూడంకెను పడుకొనబెట్టినట్లు, పక్షులు. ఒక్క బొమ్మకును మరియొక బొమ్మకును భేదము లేదు. ఉపాధ్యాయుడు సంతోషించి మార్కులు వేసెను.

మేమొక చిన్నదానిని దగ్గరకు పిలిచి, "ఈ కొండ లెక్కడివమ్మా?" యని యడిగితిమి. "బొమ్మల్లో కొండలుంటాయండి" అని యామె వెంటనే చెప్పెను. కిటికీలో నుండి పచ్చని చేను కనబడుచుండెను. చేనిలో కొంగలు వ్రాలియుండెను. "మీ యూరి చేనేల వ్రాయలేదు?" అంటిమి. ఆ బిడ్డ మా వంక జాలిగా చూచి, "చేను బొమ్మ కాదు గదండీ" అనెను.

సోదరులారా, ఈ యొక్క మాట మమ్ము చాలదినములు వెంటాడినది. ఎనిమిదేండ్ల పిల్ల, పుట్టిననాటి నుండి ఆ చేలగట్ల మీద పరుగెత్తిన పిల్ల, ఆకుమళ్ల పచ్చదనమును, కోతలనాటి బంగారు వన్నెను, పంట నూర్చిన పిమ్మట బీటలువారిన మడిని, అన్నిటిని ఎరిగిన పిల్ల. తన కన్నులెదుట నున్నది బొమ్మకు తగదనియు, తానెన్నడును చూడనిదే బొమ్మకు తగుననియు నామె నేర్చుకొనినది. ఎవరు నేర్పిరి? ఎవరును బుద్ధిపూర్వకముగా నేర్పలేదు. నల్లబల్ల మీద గీసిన మాదిరి, సంతలో కొనిన రంగులు నింపెడి పుస్తకము, అన్నగారి నోటుపుస్తకము, బహుమతి వచ్చిన బొమ్మ, ఇవి యన్నియు గూడి నేర్పినవి. మూడవ తరగతిలోనే ఆ బిడ్డకు తన కన్నుల మీద నమ్మకము పోయినది. ఈ నష్టమును ఏ పరీక్షయు లెక్కింపదు.

ఈ వ్యాధికి మూలము పాతది. మనదేశమున ఆంగ్లేయ ప్రభుత్వము నాటిన చదువులో చిత్రలేఖనము చేతికిని కంటికిని కసరత్తుగా వచ్చినది. మాదిరి పుస్తకమును చూచి గీతకు గీత సరిపోవునట్లు వ్రాసినవాడే గట్టివాడు. నకలు వ్రాయు గుమాస్తాను తయారుచేసిన చదువు, నకలు గీయు చిత్రకారుని గూడ తయారుచేయుటలో వింత లేదు. ఆ ప్రభుత్వము 1947లో పోయినది. ఆ మాదిరి పుస్తకము మాత్రము పోలేదు. పూర్వము దానిలో విదేశపు పూలగిన్నె యుండెడిది. నేడు రెండు కొండలును సూర్యుడును ఉన్నవి.

పసివాడు బొమ్మ యెందుకు వ్రాయునో మొదట విచారింతము. రెండేండ్ల బిడ్డ చేతికి బొగ్గుముక్క చిక్కిన తోడనే గోడ మీద గీతలు గీయును. ఆ గీతలకు అర్థము లేదు. చేయి కదలుటలో నానందము కలదు. మూడేండ్లకు సున్న చుట్టుట వచ్చును. ఆ సున్నకు రెండు చుక్కలు పెట్టి కన్నులనును. సున్న నుండియే రెండు గీతలు దింపి కాళ్లనును. నడుము లేదు, కడుపు లేదు. ఐనను ఆ బొమ్మ అమ్మ. ఇది యొక్క తెలుగు బిడ్డ చేయుపని కాదు. లోకమున ఏ దేశపు శిశువైనను ఇంచుమించుగా ఈ దారినే నడచును. అయిదారేండ్లకు కాగితపు టడుగున నేలగీత వచ్చును. పైన ఆకాశము పట్టెవలె వచ్చును. నడుమ ఖాళీ గాలియై నిలుచును. చెరువును వ్రాసినచో లోపలి చేపలు గూడ కనబడును. కుండను వ్రాసినచో లోపలి అన్నము కనబడును. కంటికి కనబడినది గాక తనకు తెలిసినది శిశువు వ్రాయునని ఫ్రెంచి పండితుడు లూకే 1927లో వివరించెను.

తెలిసినది మాత్రమే కాదు, తనకు ముఖ్యమైనది వ్రాయును. ఇంటికంటె అమ్మ పెద్దదిగా నుండును. చెట్టుకంటె చెట్టుమీది జామపండు పెద్దదిగా నుండును. మొరిగిన కుక్కకు నోరే శరీరమంత యుండును. "ఇంత పెద్ద పండెక్కడిదిరా?" యని మనము నవ్వుదుము. పండును కొలిచిన కొలత కాదది, పండు మీది కోరికను కొలిచిన కొలత. ఆస్ట్రియాలోని లింజ్ నగరమున పుట్టి అమెరికా చేరిన లోవెన్‌ఫెల్డ్ అను విద్యావేత్త 1947లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమునే విస్తరించి చెప్పెను. అచ్చువేసిన బొమ్మలలో రంగులు నింపించు పుస్తకములు శిశువు శక్తిని కుంటుపరచునని హెచ్చరించినవాడును అతడే.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. పసివాడు ప్రతి చెట్టును ఒకే గుర్తుతో వ్రాయవచ్చును. ప్రతి యింటిని ఒకే గుర్తుతో వ్రాయవచ్చును. గుర్తు దోషము కాదు. తాను చూచి, తడవి, తానుగా కల్పించుకొనిన గుర్తు వేరు. పరులు చేతికిచ్చిన గుర్తు వేరు. మొదటిది పెరుగును. నిన్న తాటిచెట్టును కర్రగా గీచినవాడు, నేడు దాని మట్టల గరుకుదనమును తాకి వచ్చి, ఆ కర్రకు రంపపు పండ్లు పెట్టును. రెండవది పెరుగదు. రెండు కొండలు పదేండ్లకును రెండు కొండలే.

ఈ రహస్యమును పట్టినవారిలో ముందువాడు వియన్నా నగరపు ఫ్రాంజ్ సిజెక్. చిత్రకళ నభ్యసించు దినములలో నతడొక వడ్రంగి యింట బసచేసెను. ఆ యింటి పిల్లలు వచ్చి అతని రంగులు తీసికొని ఇష్టము వచ్చినట్లు బొమ్మలు వేయుచుండిరి. వారికి దిద్ది చెప్పువారెవరును లేరు. ఆ బొమ్మలలోని జీవము చూచి సిజెక్ ఆశ్చర్యపడెను. 1897లో పిల్లల కొక చిత్రశాల నెలకొల్పెను. మాదిరులు లేవు, నకళ్లు లేవు. 1920లో ఆ పిల్లల చిత్రములు లండనులో ప్రదర్శింపబడినవి. బాలుని చిత్రము పెద్దవాని చిత్రమునకు చిత్తుప్రతి కాదని, దానికి దానిదైన వయస్సును, నిండుదనమును కలవని, ఆ ప్రదర్శనము చూచినవారు పలువురు గ్రహించిరి.

ఐరోపా వరకు పోనేల? మన రవీంద్రుని బాల్యమును స్మరింతము. కలకత్తాలో గొప్పయిల్లు; ఇంటినిండ నౌకరులు. శ్యాముడను నౌకరు బాలరవిని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీచి, దాటినచో ఆపద యని బెదరించి పోయెడివాడట. సీత కథ వినిన బాలుడు గీత దాటలేదు. కిటికీ క్రింద నొక చెరువు. చెరువు గట్టున నొక మఱ్ఱిచెట్టు. పగలంతయు ఆ బిడ్డ ఆ చెరువును, స్నానమునకు వచ్చిపోవువారిని, మఱ్ఱి యూడల క్రింది చీకటిని చూచుచు గడిపెను. ఏబదియేండ్లు నిండిన పిమ్మట, 1912లో ప్రకటించిన జీవనస్మృతిలో ఆ మఱ్ఱిచెట్టు చెక్కుచెదరకుండ నిలిచియున్నది. బడులు మార్చి మార్చి పెద్దలు విసిగిరి. ఏ బడియు ఆ బాలునకు పట్టలేదు. అతనికి అక్షరమైనది ఆ చెరువు.

ఆ బాలుడే పెద్దవాడై 1901లో శాంతినికేతనమున కొలదిమంది పిల్లలతో పాఠశాల తెరచినపుడు, కిటికీని తీసివేసి పిల్లలను చెట్ల క్రిందనే కూర్చుండబెట్టెను. 1919లో అచ్చట కళాభవనము వెలసెను. నందలాల్ బోసు దానికి పెద్దయై, పిల్లల కొరకు రవీంద్రుడు వ్రాసిన వాచకమునకు 1930లో బొమ్మలు కూర్చెను. ఆయన ఎచ్చటికి పోయినను చిన్న చిన్న కార్డులు వెంట నుంచుకొని, కనిపించిన మేకను, చెట్టును, నడచుచున్న మనుష్యుని అప్పటికప్పుడు గీయుచుండెడివాడు. చేసి చూపుటయే ఆయన బోధ. 1928లో అచ్చట వృక్షారోపణోత్సవ మారంభమైనది. మొక్కను అలంకరించి, పాటలతో ఊరేగించి నాటిరి. మొక్క నాటుటకు ఊరేగింపెందుకని అడుగవచ్చును. ఊరేగింపులో నడచిన పిల్లవాడు ఆ మొక్కను మరల చూడకమానడు. మరల చూచినవాడు దానిని వ్రాయకమానడు.

మరియొక వింత. పద్యము, పాట, కథ, నాటకము అన్నిటను సిద్ధహస్తుడైన ఆ మహాకవి, సుమారు అరువదియేడవ యేట, వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను కలిపి ఆకారములు చేయుచు, ఆ దారినే చిత్రకారుడాయెను. 1930లో పారిసు నగరమున ఆ చిత్రములు ప్రదర్శింపబడినవి. అంతటి మాటల ప్రభువునకును మాటలలో పట్టని భావము మిగిలినదన్నమాట. ఇక మాటలే సరిగా రాని పసివానికి ఎంత మిగిలియుండును!

మన తెలుగునాట గూడ ఈ చింత లేకపోలేదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారును, వారి మిత్రులును ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు, చేతిపనికిని చిత్రకళకును అందు గౌరవస్థానము నొసంగిరి. వంగదేశము నుండి ప్రమోదకుమార చటోపాధ్యాయులవారిని రప్పించి చిత్రకళ నేర్పించిరి. అడివి బాపిరాజుగారు అచ్చట వారి శిష్యులైరి. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చేతిలోని శక్తిని బాల్యముననే కనిపెట్టి ప్రోత్సహించినవాడు అచ్చటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడు కూల్డ్రేదొర. 1897లో పుట్టిన రామారావుగారు 1925లోనే మశూచికమునకు బలియైరి. ఇరువది యెనిమిదేండ్లైనను నిండని జీవితము! ఆ కొద్దికాలములోనే మన గోదావరియు, మన స్త్రీల నడకయు, మన యెండయు చిత్రమునకు తగినవేయని వారు లోకమునకు చూపిరి. "చేను బొమ్మ కాదు గదండీ" అనిన ఆ పల్లెపిల్లకు రామారావుగారి గీత యొకటి చూపింపవలెనని మా మనస్సున కప్పుడు తోచినది.

జాతీయోద్యమ కాలమున ఈ భావము బడిలోనికి గూడ ప్రవేశించినది. 1937లో వార్ధాలో సమావేశమైన విద్యాసభ చేతిపని నడుమనుంచి చదువు నడుపవలెనని నిశ్చయించినది. ఆ నూతన విద్యకు కేంద్రమైన సేవాగ్రామమునకు, శాంతినికేతనమున చదివిన దేవీప్రసాద్ 1944లో కళోపాధ్యాయుడై వచ్చెను. పల్లెబిడ్డలతో ఏండ్ల తరబడి పనిచేసి, తన యనుభవమును 1959లో హిందీలో గ్రంథముగా వ్రాసెను. కళ విద్యకు తగిలించిన ఆభరణము కాదు, పునాది యనుట ఆయన సిద్ధాంతము. నేటి ప్రభుత్వపు పత్రములును ఈ మాటకు తలయూపినవి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక కళలను బడిచదువులో భాగము చేయుమన్నది. 2020 నాటి విద్యావిధానము అన్ని పాఠములతోను కళను జోడించుమన్నది. కాగితము మీద కళకు స్థానము దొరికినది. కాలపట్టికలో మాత్రము ఆ గంటను లెక్కల మేష్టరు అరువు తీసికొనుట మనమెరిగినదే. ఆ యప్పు తీర్చినవారిని మేమింకను చూడలేదు.

ఇంతవరకును ఆనందమును గూర్చియే చెప్పుచుంటిమి. ప్రకృతి యనగానే పువ్వులు, సీతాకోకచిలుకలు, వెన్నెల యని మనకొక భ్రమ కలదు. మరియొక సంగతి వినుడు.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కోసిన పనలు నీట నానినవి. పాకల కప్పులు లేచినవి. కొన్నినెలలకు తీరమున నొక చిన్నబడికి మేము పోయితిమి. అచ్చటి పంతులమ్మ పిల్లలకు బొగ్గును, పసుపును ఇచ్చి, వానను గూర్చి బొమ్మ వేయుడని చెప్పెను. ఏడేండ్ల బాలుడొకడు కాగితమంతయు బొగ్గుతో రుద్దెను. రుద్దినచోటనే మరల రుద్దెను. కాగితము చినుగునంతగా రుద్దెను. ఒక మూల మాత్రము పసుపుతో వ్రేలంత చుక్క పెట్టెను. మాతో వచ్చిన పెద్దమనుష్యు డొకడు "కాగితము పాడుచేసితివి గదరా" యని గద్దింపబోయెను. పంతులమ్మ ఆయనను వారించి, నేలమీద ఆ పిల్లవాని ప్రక్కను కూర్చుండి, "దీని సంగతి చెప్పు నాన్నా" యనెను. చాలసేపు వాడు పలుకలేదు. పిమ్మట చుక్కమీద వ్రేలుపెట్టి, "ఇది అమ్మ చేతిలో దీపం. ఆరిపోతుందేమోనని చూస్తూ కూర్చున్నా" అనెను.

తుపాను రాత్రి యంతయు ఆ చుక్కను చూచుచు గడపినాడు ఆ బిడ్డ. ఈ మాట వాడు ఇంట నెవరితోను చెప్పియుండలేదు. గాలి వీచిన ప్రతిరాత్రియు వాడులికిపడి లేచుచున్నాడని తల్లి మరునాడు వచ్చి చెప్పెను. కారణ మామెకు అంతవరకు తెలియదు. ఒక్క బొమ్మతో వాని భయము పోయినదని మేము చెప్పము. అట్టి యింద్రజాలము బొగ్గుముక్కలో లేదు. కాని అంతకు ముందు ఆ భయమును వాడొక్కడే మోయుచుండెను. ఆ దినము నుండి తల్లియు, పంతులమ్మయు ఒక కొస పట్టిరి. ఆనాడు ఆ గదిలో నల్లబల్ల మీద రెండు కొండలును సూర్యుడును గీసియుండినచో, వాడును బుద్ధిగా రెండు కొండలును సూర్యుడును గీచి, మార్కులు తెచ్చుకొని, రాత్రికి మరల ఉలికిపడెడివాడు.

ఇదియే మేము చెప్పదలచిన ప్రధానవిషయము. ప్రకృతి తీరప్రాంతపు బిడ్డకు ఉప్పెన. రాయలసీమ బిడ్డకు రాని వాన. అడవి యంచున పెరిగిన బిడ్డకు ఇప్పపూల వాసన. ఎవరి భావము వారిది. అందరి చేతను ఒకే బొమ్మ గీయించుట యనగా, మీకు కలిగినది అక్కరలేదు, మాకు కావలసినది చెప్పుడని పసివారితో ననుటయే. అందముగా గీయబడినను, అది యబద్ధము. అబద్ధము చెప్పించి మార్కులు వేయుచున్నాము.

ఇప్పుడు మీలో కొందరి మనస్సున మెదలుచున్న ఆక్షేపణలకు సమాధానము చెప్పుట మా విధి.

"ఇది కూడు పెట్టునా?" అందురు. అందరును చిత్రకారులు కావలెనని మేమనలేదు. పిల్లలందరికిని మాట నేర్పుచున్నాము. అందరును వక్తలు కావలెననియా? తన కన్నుతో చూచి, తన మనస్సును తానెరిగి, దాపరికము లేక తెలుపగలవాడు కమ్మరియైనను, వైద్యుడైనను, శాసనసభ్యుడైనను మనకు మేలే. అట్టివారి కొరత ఏ రంగమున నెంత యున్నదో మాకంటె మీకే బాగుగ తెలియును.

"నేర్పకయే వచ్చునా? మాదిరి లేక చేయి తిరుగునా?" అందురు. నేర్పవలసిన వేళ నేర్పవలసినదే. తొమ్మిది పదియేండ్లు వచ్చుసరికి బాలుడు తన బొమ్మను చూచి తానే తృప్తిపడడు. దూరపు చెట్టు చిన్నదిగా నెట్లు వ్రాయవలయునని తానే వచ్చి అడుగును. అడిగిననాడు చెప్పిన విద్య వంటబట్టును. నాలుగేండ్లవానికి చెప్పిన దూరదృష్టి సూత్రము, పండ్లు రాని బిడ్డ నోట పెట్టిన చెరకుముక్క.

"మన ముగ్గులును నకళ్లే గదా; తల్లిని చూచియే గదా కూతురు నేర్చును?" అని కొందరు బుద్ధిమంతులు అడుగుదురు. మంచి ప్రశ్న. ముగ్గులో చుక్కల లెక్క సంప్రదాయము. మెలిక త్రిప్పు చేయి పిల్లది. ధనుర్మాసపు తెల్లవారుజామున, మంచులో, కల్లాపి చల్లిన తడినేల మీద, చలికి వణకుచు వేసిన ముగ్గది. గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గ్రుచ్చినపుడు ఋతువు చేతికి తగులును. తెలంగాణమున బతుకమ్మ నాళ్లలో ఆడుపిల్లలు చేలగట్ల మీదను పొదలలోను తిరిగి తంగేడు, గునుగు కోసి తెచ్చి, ఏ వరుసపై ఏ వన్నె యుండవలెనో తమలో తాము తర్కించుకొనుచు పేర్చుదురు. వానలు వెనుకబట్టిన కాలమున ఏ పువ్వెచ్చట పూచునో వారికి పుస్తకము చెప్పలేదు, కాళ్లు చెప్పినవి. తుదకు దానిని నీట విడుతురు. పోయినదను చింత లేదు, మరుసటియేట మరల పేర్తురు. సంప్రదాయము పిల్లను చేనికి తీసికొనిపోవును. మాదిరి పుస్తకము చేనికి వెన్నుచూపి కూర్చుండుమనును. భేదమిది.

"వేళ లేదు, డబ్బు లేదు" అందురు. డబ్బు మాట ముందు చూతము. పొయ్యిలో బొగ్గు కలదు. గోడలకు పూసెడి జాజు కలదు. ఎర్రమన్ను, సున్నము కలవు. పసుపులో సున్నము కలిపిన ఎరుపు వచ్చును. దడిమీది బచ్చలిపండ్లు నలిపిన ఊదా వచ్చును. మోదుగుపూలు కాచిన కాషాయవన్నె వచ్చును. శంఖుపూల నీలపురసములో నిమ్మచుక్క పిండిన అది కనుచూపుమేరలో గులాబివన్నె యగును. ఆ మార్పును చూచిన పిల్లల కేకలు విన్నవాడు రంగులపెట్టె కొనవలెనని తలంపడు. అతుకుటకు తుమ్మజిగురు చాలును. కుంచెకు ఈతపుల్ల నమిలిన చాలును. బొమ్మలు చేయుటకు చెరువుమట్టి యున్నది. కాగితమా? చదివి పారవేసిన పత్రికలున్నవి. మా సంపాదకీయముల మీద పిల్లలు బొగ్గుతో కాకులను వ్రాసిన మేము కోపగింపము. ఆ పుట కదియే సద్వినియోగము కావచ్చును.

వేళకు వారమున కొక్కగంట చాలును. ఆ గంటను మాత్రము ఎవరికిని అప్పీయకుడు. అందు సగము బయట గడపుడు. ఆరుద్ర కార్తెలో తొలివానలకు ఎర్రని పట్టువంటి ఆరుద్రపురుగులు నేలమీదికి వచ్చును. వానిని చూచుటకు పిల్లలను తీసికొనిపొండు. జిల్లేడాకు త్రుంచి పాలు చూపుడు; కన్నులకు తగులనీయకుడు. చీమలబారు వెంట నడువుడు. "అందముగా నున్నదా?" యని మాత్రము అడుగకుడు, ఔననుట తప్ప పిల్లవానికి గతి లేదు. ఏ వాసన వచ్చినదో, చేతికెట్లు తగిలినదో, ఏది భయపెట్టినదో, ఏది నవ్వించినదో అడుగుడు. పిమ్మట లోనికి వచ్చి కాగితమిచ్చి ఊరకుండుడు. ఊరకుండుట ఉపాధ్యాయులకు కష్టమని ఎరుగుదుము. ఐనను పిల్లవాని కాగితము మీద మీ చేయి పెట్టకుడు. నల్లబల్ల మీద మాదిరి గీయకుడు. "ఇదేమిటిరా?" యని యడిగిన వాడు సిగ్గుపడును, "దీని సంగతి చెప్పు" మనిన వాడు మాటలాడును. మార్కులు వలదు, బహుమతులు వలదు. అందరి బొమ్మలను గోడకు కట్టుడు. పిల్లలే ఒకరివి ఒకరు చూచుకొందురు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ గోడమీద గీచినపుడు చేయి యెత్తకుడు. గోడకు వేరొక మూల చూపుడు. సున్నము మరల వేసికొనవచ్చును.

ఆ పల్లె సంగతి ముగించి సెలవు తీసికొందుము. ఆనాడు మేము తిరిగి వచ్చుటకు ముందు, ఉపాధ్యాయుని అనుమతితో పిల్లలను చేనిగట్టుకు తీసికొని పోయితిమి. ఆయన అయిష్టముగానే వచ్చెను. వచ్చిన పిమ్మట అందరికంటె ముందుగా పంచె యెగగట్టి బురదలో దిగినవాడు ఆయనయే. మరల బడికి వచ్చి కూర్చుండి ఆ చిన్నది కాగితము తీసికొనెను. అలవాటు చొప్పున మొదట రెండు కొండలు గీచెను. కొంతసేపు ఆలోచించి, వాని క్రింద పచ్చగా రుద్ది, ఆ పచ్చదనములో ఒంటికాలి మీద నిలిచిన కొంగ నొకదానిని పెట్టెను. కొంగ కొండలకంటె పెద్దది.

కొండలను చెరిపివేయుమని మేమనలేదు. వానంతట అవియే చిన్నవగుచున్నవి.